నూతిలో పడ్డ ఉగ్గుగిన్నె

మొండితనంలో ఉద్దానం మొత్తం మీద నన్ను మించినవాడు పుట్టలేదు. తిత్లీ తుపానునాడు మా పెరటి కొబ్బరిచెట్టుకి వీపు ఆనించి, కాళ్ళు ఇసకలో దిగేసి, "పడితే ఇద్దరం పడదాం రా" అని గాలికి ఎదురు నిలబడ్డాను. ఊళ్ళో చెట్లన్నీ నేలకి ఒరిగాయి. మాది ఒరగలేదు. చివరికి గాలే విసుగెత్తి మందస వైపు మళ్ళింది.

అంతటి గున్నయ్యని, ఈ ఉదయం మా బావ వైకుంఠరావు మంచం ముందు చేతులు జోడించి నిలబడ్డాను.

"లెగు బావా. ఆటో వచ్చే టైమైపోతంది."

"లెగను."

"మొన్న డయాలసిస్ మానేసినావు. ఈ రోజు కూడా మానేత్తే ఏటైపోద్దో ఎరికేనా?"

"ఎరికే. పోతాను. పోతే మీ సెల్లెలు సుఖంగా ఉంతాది."

మా బావ పాదాలు నూనెలోంచి తీసిన బూరెల్లా పొంగి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉండిపోతోంది. ఊపిరి తీస్తుంటే లోపలెక్కడో పాత తలుపు కిర్రుమన్నట్టుంది. పలాస వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోకపోతే ఈ మనిషి ఎన్నాళ్ళో ఉండడని, చదువుకోని నాకే తెలుస్తోంది.

ఆయనకీ తెలుసు. తెలిసే, మంచం కోడు పక్కనున్న చెంబు ఎత్తి గటగటా తాగాడు. తాగుతూ కళ్ళు మాత్రం నూతి గట్టు వైపు పెట్టాడు.

నూతి గట్టు మీద ఎర్రమ్మ నిలబడి ఉంది. మా చిన్నాన్న కూతురు. మా బావకి ఇల్లాలు.

"తాగు, తాగు," అంది ఎర్రమ్మ. "సెంబు సాలకపోతే కడవ ఎత్తుకో."

"గిన్ని లేదు కదా. సెంబుతోటే తాగాల."

"గిన్ని కావాలేటి? మా శ్రీకాంతుకి ఉగ్గు పోసిన గిన్ని అటక మీద ఉంది. తెమ్మంటావా? అబ్బే, అది పనికిరాదు. పరాయి గిన్ని అయితేనే నీళ్లు తియ్యగుంతాయి."

వాళ్ళ కొడుకు శ్రీకాంతు భార్య లక్ష్మీప్రియ నాలుగు కొక్కేల గాలం నూతిలోకి దించి, తాడు అటూ ఇటూ తిప్పుతోంది. "అత్తా, కొంచెం ఆగండి. గిన్నె దొరికితే మావయ్య లేస్తారేమో."

"దొరకదే. లోతు సూసి మరీ ఇసిరినాను."

గిన్నె మోహినిది. అరచేతిలో పట్టే ఇత్తడి ఉగ్గుగిన్నె. మోహిని అంటే పలాసలో మా బావ పక్క మంచం మీద డయాలసిస్ చేయించుకునే మనిషి; ఆటో తోలే అప్పలసూరి భార్య. మా పైఊరు నుంచి అప్పలసూరి ఆమెనీ, దారిలో మా బావనీ, మరికొందరు రోగుల్నీ ఎక్కించుకుని పలాస తీసుకుపోతాడు. రోజంతటికీ నీళ్ళు ఇంతే తాగాలని డాక్టరు గీత గీసినవాళ్ళకి ఆ గిన్నె ఒక ఉపాయం. ఎన్నిసార్లు నోరెండినా ఆ చిట్టిగిన్నెడే తాగాలి. మోహిని అలాగే బతుకుతోంది. ఒకనాడు దాన్ని మా బావ చేతిలో పెట్టింది. ఆయన జేబులో వేసుకున్నాడు. గడిచిన వారం ఎర్రమ్మ ఆసుపత్రికి పోయి, అందరి ముందూ మోహినిని ఒక ప్రశ్న అడిగి, ఇంటికొచ్చి గిన్నెని నూతికి సమర్పించింది.

"గిన్ని ఇసిరితే ఇసిరినావు," అన్నాడు మా బావ ఆయాసపడుతూ. "ఆ మనిసిని అంతమందిలో ఆ మాట అనడం ఏటి?"

"ఏటన్నాను? ఏ వరసనున్నావమ్మా, మా ఇంటాయనకి నీళ్లు కొలిసి పోత్తన్నావు అని అడిగినాను. వరస అడగడం కూడా తప్పేనేటి?"

"ఆవిడ మన గుమ్మం ముందు ఆటో ఆపనివ్వడం మానేసింది. మళ్ళీ ఆ ఆటో వచ్చి, ఈ గుమ్మం కాడ ఆగినదాకా నాను కదల్ను. అంతే."

"ఊళ్ళో ఆటోలే లేవేటి?"

"ఉన్నాయి. నువ్వెక్కు."

మొండివాడు రాజుకంటే బలవంతుడని సామెత. ఆ సామెత చెప్పినవాడికి పెళ్ళయినట్టు లేదు. మొండివాడూ మొండిదీ ఒకే వాకిట్లో ఉంటే ఎవరు బలవంతులో ఏ రాజూ తేల్చలేడు.

నేను ఎర్రమ్మ చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"నాతో రోడ్డు మీదికి రాయే. ఆటో వచ్చే వేళైంది. అక్కడ ఆపి మాట్లాడదాం."

"నాను రాను."

"నాను నిన్న ఆళ్ళ ఊరెళ్ళి బతిమాలి వచ్చినాను. ఆవిడ ఒక్కటే అన్నాది. 'వరస అడిగింది కదా మీ సెల్లెలు, ఆ వరస ఏటో ఆవిడ నోటితోటే సెప్పాల. వరస లేని గుమ్మం కాడ మా ఆటో ఆగదు' అని."

ఎర్రమ్మ మంచం వైపు చూసింది. మా బావ మళ్ళీ చెంబు అందుకుంటున్నాడు. ఆమె పెదవి కొరుక్కుంది.

"ఉండు," అని లోపలికి పోయింది. నిచ్చెన చప్పుడు, ఏవో సామాన్లు దొర్లిన చప్పుడు. బయటికి వచ్చేసరికి చీర చెంగున ఏదో ముడి ఉంది.

* * *

జీడితోటలోంచి అడ్డదారిన నడుస్తున్నాం. నాకు నోరు ఊరుకోదు.

"నాయంత మొండోడే తగ్గినాడే ఎర్రీ. తుపానుకి ఎదురు నిలబడినోణ్ణి, నిన్న ఆ ఆటోవోడి ముందు దణ్ణమెట్టి నిలబడ్డాను."

"ఏ తుపాను అన్నా? మంచం కింద నుంచి నీ కాళ్లు బయటికి కనబడతంటే గోనెపట్టా కప్పినది నాను కాదేటి? మీ సెట్టు మీ వంటింటి మీదే కదా పడ్డాది."

అవును, పడింది. నేను మంచం కిందే ఉన్నాను. అయితే ఒక్క మాట: మంచం కోడుని మాత్రం గట్టిగా పట్టుకున్నాను. అంత గాలిలోనూ ఆ మంచం అంగుళం కదల్లేదు. అది మాత్రం నా చలవే.

ఆ మాటే చెబితే ఎర్రమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎండుటాకులు తొక్కుకుంటూ కొంతదూరం నడిచి, హఠాత్తుగా ఆగింది.

"గిన్ని గురించి కాదన్నా."

"మరేటి?"

"నాను సెప్పి సెప్పి నోరు పడిపోయినాది. నీళ్లు తగ్గించవయ్యా అని. సెంబు దాసినాను. కడవ గదిలో పెట్టి తాళమేసినాను. నా మీద ఒట్టు అన్నాను. ఇన్నాడా? దొంగసాటున తోటకెల్లి పైపు కాడ నోరెట్టి తాగొచ్చినాడు. మూతి తుడుసుకుంటూ వచ్చి, నా ముందే నోరెండిపోయినట్టు నటించినాడు. అదెవుత్తో పక్క మంచం మీద పడుకున్నది, గిన్ని సేతిలో ఎట్టి, 'అన్నీ దీంతోటే' అన్నాదట. ఆ పూట నుంచి సుక్క ఎక్కువ ముట్టలేదు. పెళ్ళైన కాడ నుంచీ నాను వంచలేనోణ్ణి, ఒక్క ముక్కతోటి వంచేసినాది."

"ఒంటికి మంచిదే కదే."

"మంచిదే." ఆమె చెంగు ముడిని గట్టిగా పట్టుకుంది. "అందుకే మండుతంది. సెడు సెప్తే ఇన్నాడనుకో, తిట్టి ఊరుకుందును. మంచి సెప్తే ఇన్నాడు. ఆ మంచే నానూ సెప్పినాను."

వైకుంఠరావు మా మేనత్త కొడుకు. పెళ్ళికి ముందు ఎర్రమ్మ నోట తెల్లారితే "బావా", పొద్దుగూకితే "బావా". జీడిపళ్ళు కోసినా బావకే, తాటిముంజ దొరికినా బావకే. మెడలో పుస్తె పడ్డ మర్నాడు మా పిన్ని కళ్ళెర్రజేసి, మొగుణ్ణి అలా పిలవకూడదే అని మాన్పించింది. అప్పటినుంచి "ఏవయ్యా". కొడుకు పుట్టాక "శ్రీకాంతు నాన్న". ఆ పాత పిలుపుని ఆ పిల్ల ఎక్కడ దాచిపెట్టుకుందో నాకు తెలియదు. పారేసిందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"ఒక పని సెయ్యే," అన్నాను. "ఆడబడుసు అనెయ్. మా ఇంటాయనకి సెల్లెలివి అను. ఆవిడ 'అన్నా' అంతాది. గొడవొదిలిపోద్ది."

"ఆడబడుసా?" ఎర్రమ్మ మొహం ఎర్రబడింది. "టెక్కల్లో ఒకర్తి, నందిగాంలో ఒకర్తి. వచ్చినప్పుడల్లా కాళ్ళకి నీళ్లిచ్చి, సీరెట్టి, ఆళ్ళు మూతి తిప్పితే నాను తల దించి సత్తన్నాను. ఇప్పుడు మూడోదాన్ని నానే తెచ్చుకుని నెత్తి మీద ఎక్కించుకోవాలేటి? దాని ముందు నాను వంగను అన్నా. సచ్చినా వంగను."

"మరి ఏ వరస ఇత్తావు?"

"దానికి సమానంగా నిలబడే వరస ఇత్తాను. సూత్తండు."

* * *

రోడ్డు మీద అప్పలసూరి ఆటో మమ్మల్ని చూసి నెమ్మదించి, వెనక సీట్లోంచి మోహిని మాట వినబడగానే మళ్ళీ వేగం అందుకోబోయింది. నేను రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాను.

"నన్ను మధ్యలో ఎట్టకండి బాబూ," అన్నాడు అప్పలసూరి. "నాను బండి తోలుతాను. ఆవిడ నన్ను తోలుతాది."

మోహిని కిందికి దిగింది. సన్నపాటి మనిషి. ఎడమ చేతికి గాజుల్లేవు; సూదులు గుచ్చే చెయ్యి అది, నరం తాడులా ఉబ్బి ఉంది. గాజులన్నీ కుడి చేతికే.

"ఏటమ్మా," అంది. "మళ్ళీ వరస అడగడానికొచ్చినావా?"

"ఇవ్వడానికొచ్చినాను," అంది ఎర్రమ్మ.

"ఏ వరస?"

"నేస్తం."

ఆటోలో ఉన్నవాళ్ళు తలలు బయటికి పెట్టారు. మా వైపు నేస్తం కట్టుకోవడమంటే ఆడుకునే ఆట కాదు. ఇద్దరాడవాళ్ళు నేస్తం కట్టుకుంటే, ఇంక ఒకరి పేరు ఒకరు ఎత్తకూడదు. బతికినంతకాలం "నేస్తం" అనే పిలుచుకోవాలి. పుట్టుకకీ చావుకీ వెళ్ళాలి. సొంత తోబుట్టువు కన్నా ఒక మెట్టు ఎక్కువే చూడాలి.

"ఆలోసించుకున్నావా?" అంది మోహిని. "కోపం తగ్గినాక ఇప్పేసుకునే ముడి కాదిది."

"నాకు సెప్పకు. నాను ఉద్దానంలో పుట్టినదాన్నే."

మోహిని ఆమెని ఎగాదిగా చూసింది. తర్వాత గొంతు కొంచెం దించింది.

"నిజం సెప్పమంటావా? నీ మీద నాకు కుళ్ళు. మంచం మీద పడుకుని మీ ఆయన రోజూ ఏటి సెప్తాడో ఎరికేనా? 'మా ఇంటిది సెంబు దాసేత్తాది, కడవకి తాళమేసేత్తాది, అర్ధం పర్ధం లేకుండా తిడతాది' అని. తిట్టుకున్నట్టే ఉంతాది గాని, గొప్పలే అవి. మా ఆయన్ని సూడు. నాను మంచినీళ్లు అంటే సాలు, సెంబు నిండా తెచ్చి ఇత్తాడు. పాపం, కాదనలేడు. ఆ మంచితనంతోటే నన్ను సంపేత్తాడు. నాకు నానే గిన్ని ఎట్టుకోవలిసొచ్చింది."

అప్పలసూరి హ్యాండిల్ మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

ఎర్రమ్మ గడ్డం కొంచెం కిందికి దిగింది. కొంచెమే. చెంగు ముడి విప్పింది. చిటికెడు అటుకులు, బెల్లంముక్క, వాటి మధ్యన ఒక వెండి ఉగ్గుగిన్నె. మా శ్రీకాంతుకి ఉగ్గు పోసిన గిన్నె అది. అంచున పాలపళ్ళ గాట్లు ఇంకా ఉన్నాయి.

"నీది నూతిలో ఏసినాను. ఇది నాది. ఉంచుకో."

మోహిని కుడిచేతి గాజుల్లోంచి రెండు తీసి ఎర్రమ్మ చేతికి తొడిగింది. బెల్లం నాలిక్కి రాసుకుంది, రెండు అటుకుల గింజలు నోట్లో వేసుకుంది. అంతకన్నా తింటే డాక్టరు ఒప్పుకోడు. మంచిరోజు చూసి, కొత్తచీరలు మార్చుకుని, కావిళ్ళు పంపుకుని చెయ్యవలసిన పని ఆటో ఇంజను టకటకమంటూ ఉండగా అయిపోయింది.

"నేస్తం," అంది ఎర్రమ్మ.

"నేస్తం," అంది మోహిని. "ఎక్కు. మీ ఇంటికి పోదాం."

ఆటో ఎక్కుతూ ఎర్రమ్మ నా చెవిలో అంది: "సూసినావా? ఇంక అది నా మనిసి. ఆయన మనిసి కాదు."

యుద్ధం గెలిచిన రాణిలా ఉంది దాని మొహం. నేనూ భేష్ అన్నాను. ఇంత వయసొచ్చి, ఊళ్ళో ఎవరికి ఎవరు ఏమవుతారో నన్నడిగి తెలుసుకునే జనం ఉండి కూడా, అందులో ఉన్న తిరకాసు నాకు ఆ క్షణాన తట్టలేదు.

* * *

ఆటో గుమ్మం ముందు ఆగింది.

మా బావ ఆటోని చూశాడు, గాజులు తొడుక్కున్న ఎర్రమ్మని చూశాడు. చెంబు బోర్లించాడు. నా భుజం మీద బరువంతా వేసి లేచాడు. ఒక్కో అడుగుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ వచ్చి, ఆటోలో మోహిని ఎదురు సీటు మీద కూలబడ్డాడు. లక్ష్మీప్రియ గాలం తాడు గట్టుకి చుట్టి, చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఎర్రమ్మ ఒక కాలు ఆటో మెట్టు మీద పెట్టింది.

అప్పుడు మోహిని అంది:

"ఏటి బావా! మంచం అత్తారిల్లు అయిపోయినాదేటి, దిగనంతన్నావట?"

బావా.

మరి నేస్తం అంటే తోబుట్టువు. తోబుట్టువు మొగుడు బావ కాక ఇంకేమవుతాడు? ఆడబడుచు వరస ఇచ్చి ఉంటే "అన్నా" అని గౌరవంగా, దూరంగా పిలిచేది. వంగడం ఇష్టం లేక మా ఎర్రమ్మ నేస్తం కట్టుకుంది. కట్టుకుని, వేళాకోళం ఆడే హక్కుని తన చేతులతోనే పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. నిన్నటిదాకా ఏ వరసా లేని మనిషి ఇవాళ మరదలు.

మోహిని చెంగులోంచి వెండిగిన్నె తీసింది. "ఇదిగో బావా, పట్టు. మీ ఇంటి గిన్నే. ఇంక అన్నీ దీంతోటే."

మా బావ రెండు చేతులూ చాచి దాన్ని అందుకున్నాడు. అటక మీద ఎన్నేళ్ళుగానో పడి ఉన్న గిన్నె, తెమ్మంటావా అని ఎర్రమ్మ అడిగినప్పుడు ఆయన తెమ్మనని గిన్నె.

"అలాగే మరదలా," అన్నాడు. వారం రోజుల తర్వాత ఆయన మొహం మీద నవ్వు కనిపించింది.

ఎర్రమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత పకపకా నవ్వేసింది. "గట్టిదానివే నేస్తం! జరుగు" అంటూ ఎక్కి, మోహిని పక్కన సర్దుకుని కూర్చుంది. ఆటో పలాస వైపు కదిలింది. కొబ్బరాకులు కూడా చెయ్యి ఊపినట్టు ఊగాయి.

ఇక్కడ ఆపేస్తే ఎంత బాగుండును. మీరూ హాయిగా పేజీ తిప్పేస్తారు. కానీ తుపాను సంగతి ఎలాగూ బయటపడిపోయింది, ఇంక ఇదొక్కటీ దాచి ఏం లాభం? కొబ్బరాకులు నిజంగానే ఊగాయి. గాజులు నిజం, గిన్నె నిజం, "బావా" నిజం. ఎర్రమ్మ నవ్వూ, ఆటో కదలడమూ మాత్రం నేను పెట్టినవి.

ఎర్రమ్మ నవ్వలేదు.

మెట్టు మీది కాలు కిందికి దించేసింది. "మీరెల్లండి," అంది, ఎవరి మొహమూ చూడకుండా. తిన్నగా నూతి గట్టుకి నడిచి, తాడు విప్పి, గాలాన్ని లోపలికి దించింది.

"అత్తా, ఏంటది?" అంది లక్ష్మీప్రియ.

"దాని గిన్ని తీత్తాను. దానిది దానికి పడేత్తాను. నాది నాకిచ్చెయ్యమను."

నడుం దాకా నూతిలోకి వంగి, తాడుని గుండ్రంగా తిప్పుతోంది. కొత్త గాజులు గట్టు రాయికి తగిలి గలగలమంటున్నాయి. వంగను వంగనన్న మనిషి.

మోహిని నవ్వు ఆగిపోయింది. అప్పలసూరి వెనక్కి తిరిగి, "టైము దాటిపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేత్తారు బాబూ" అన్నాడు మెల్లిగా.

మా బావ ఆ గిన్నెని అరచేతిలో పెట్టుకుని దాని అంచు తడిమాడు. ఆ గాట్ల మీద వేలు ఆగింది. తర్వాత దాన్ని మోహిని ఒళ్ళో పెట్టాడు. ఆటో కడ్డీ పట్టుకున్నాడు.

నూతిలో గాలానికి ఏదో ఖంగుమని తగిలింది. ఎర్రమ్మ ఇంకా లోపలికి వంగింది. అందుకే ఆమె చూడలేదు, నేను చూశాను.

ఆటోలోంచి ఒక పాదం, నూతి వైపు, ఇసక మీదికి దిగింది. వేలితో నొక్కితే గుంట పడే పాదం.